ఎత్తిన కర్ర

ఛందస్సు, సామెతలు, పాత వాచకాల ముచ్చట్లు. ఈ పుటల్లో ఇన్నాళ్ళూ నేను రాసుకుంటూ వచ్చినవి ఇవే. అటువంటి దాన్ని ఇవాళ ఒక వీడియో గేము గురించి రాయబోతున్నానంటే కొందరు మిత్రులకు నవ్వు రావచ్చు. మరికొందరికి నా ఆరోగ్యం మీద అనుమానం రావచ్చు. రెండూ సబబే. మావారికి రెండూ ఒకేసారి వచ్చాయి.

నేను భాషాప్రవీణ చదివి, తెలుగు పండిత శిక్షణ పొంది, 1984 నుంచి 2019 దాకా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినదాన్ని. మావారు లెక్కల మాస్టారుగా చేసి విరమించారు. తెనాలిలో ఇల్లు. మేడమీద మా అమ్మాయి, అల్లుడుగారు, మనవడు ఉంటారు. 2024 జూన్‌లో మనవణ్ణి ఇంటర్మీడియెట్ చదువుకు దూరాన ఉన్న ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చేర్చాము. చేర్చాము అని బహువచనంలో అంటున్నాను గాని ఆ నిర్ణయంలో సింహభాగం నాది. మా అమ్మాయి తటపటాయించింది. అల్లుడుగారు ఫీజు చూసి తటపటాయించారు. "ఇంట్లో ఉంటే ఆ పెట్టె ముందునుంచి లేవడు, పంపించండి" అని పట్టుబట్టినది నేనే.

ఆ పెట్టె పేరు ప్లేస్టేషన్. టీవీకి తగిలించి ఆడుకునేది. బయలుదేరే రోజున పెట్టెలు కారులో సర్దుతుంటే మనవడు నా కొంగు పట్టుకుని పక్కకు తీసుకుపోయి, "అమ్మమ్మా, నాన్న దాన్ని అమ్మేస్తానంటున్నాడు. అమ్మనివ్వకు. నేను మార్గిట్ దగ్గర ఆగిపోయాను" అన్నాడు. మార్గిట్ అంటే ఎవరో ఆడపిల్ల కాబోలనుకుని నాకు గుండె గుభేలుమంది. కాదట. ఆటలో రాక్షసుడట. ఊపిరి పీల్చుకుని, సరే, అమ్మనివ్వనులే అని మాట ఇచ్చాను. పెట్టెను కిందకు తెప్పించి మా గదిలో టీవీ పక్కన గుడ్డ కప్పి ఉంచాను.

ఆ హాస్టలులో ఆదివారంనాడు మాత్రమే ఫోను ఇస్తారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. మొదటి ఆదివారం ఏడ్చాడు. అది నేను ఎదురుచూసినదే. రెండో ఆదివారం "బాగున్నా" అన్నాడు. మూడో ఆదివారం కూడా "బాగున్నా", "తిన్నా", "ఊఁ". ఈ మూడు మాటలతో పది నిమిషాలు ఎట్లా గడుస్తాయో అనుభవించినవారికి తెలుస్తుంది. ముప్పైఐదేళ్ళు పిల్లలచేత మాట్లాడించిన దాన్ని, మనవడిచేత నాలుగో మాట పలికించలేకపోయాను. నాలుగో ఆదివారం, ఏం అడగాలో తోచక, "ఏరా నాన్నా, ఆ మార్గిట్ ఎవర్రా?" అన్నాను.

మిగిలిన తొమ్మిది నిమిషాలూ వాడే మాట్లాడాడు.

ఆ రాత్రి నేను గుడ్డ తీశాను. వచ్చే ఆదివారానికి నాకు మాటలు కావాలి, అంతే. ఆ పూటకు అంతకుమించిన సదుద్దేశమేమీ లేదు.

ఆట పేరు ఎల్డెన్ రింగ్. జపానుకు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే సంస్థ చేసింది. 2022 ఫిబ్రవరి 25న విడుదలైంది. దీని దర్శకుడు హిడెటకా మియజాకి. ఈయన చేతుల్లోనే 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2015లో బ్లడ్‌బోర్న్, 2019లో సెకిరో వచ్చాయి. అన్నీ ఆడేవాణ్ణి ఏడిపించడంలో పేరుపడ్డవే. ఈయన మొదట వేరే ఉద్యోగం చేసుకుంటూ, ఇరవైతొమ్మిదో యేట జీతం తగ్గినా ఫరవాలేదని ఈ రంగంలోకి వచ్చాడట. డీమన్స్ సోల్స్ అప్పటికే సంస్థలో కుంటుతున్న పని. అది ఎటూ విఫలమైనదే కనుక తన ఊహలు బెడిసికొట్టినా ఎవరూ పట్టించుకోరన్న ధైర్యంతో దాన్ని చేతికి తీసుకున్నానని ఆయనే ఒక పత్రికకు చెప్పుకున్నాడు. చిన్నతనంలో తనకు పూర్తిగా అర్థంకాని పుస్తకాలు తెచ్చుకుని, తెలియని చోట్లను ఊహతో పూరించుకుంటూ చదివేవాడట. ఈ ముక్క విన్నాక నాకు ఆయనమీద గౌరవం కలిగింది. ప్రబంధాలు మొదట మనమందరం చదివినది అట్లాగే కదా. ఈ ఆటలో కథ కూడా అట్లాగే ఉంటుంది. ఎవరూ వరసగా చెప్పరు. దొరికిన కత్తి కింద రెండు వాక్యాలు, ఉంగరం కింద రెండు వాక్యాలు. మనమే అన్వయించుకోవాలి. టీకా తాత్పర్యాలు లేని కావ్యమన్నమాట.

ఇక బాస్ అనే మాట. బాస్ అంటే నాకు తెలిసినంతలో తనిఖీకి వచ్చే పై అధికారి. ఆటలో ఆ మాటకు అర్థం వేరు. ఒక్కొక్క ఘట్టం చివర దారి కాసుకుని ఉండే బలవంతుడు. వాణ్ణి కూల్చితేనే దారి. అయితే తనిఖీ అధికారికి ఉన్న లక్షణాలన్నీ వీడికీ ఉన్నాయి. చెప్పకుండా వస్తాడు, వచ్చీరాగానే ఒక ఉపన్యాసం ఇస్తాడు, మన తప్పు దొరికేదాకా కాచుకుని ఉంటాడు.

మార్గిట్ ఉండేది స్టార్మ్‌వెయిల్ అనే కోట ముందరి వంతెన మీద. అడ్డంగా పొగమంచు తెర ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని చేత్తో తోసుకుని లోపలికి పోతే గోడమీదినుంచి దూకుతాడు. తాటిచెట్టంత మనిషి, చింపిరి గుడ్డలు, ముఖం నిండా కొమ్ములు, పొడుగాటి తోక, చేతిలో వంకర్లు తిరిగిన కర్ర. మొదటి రాత్రి నేను వాడి ఉపన్యాసం శ్రద్ధగా విన్నాను. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం నా అలవాటు. తరువాత పదకొండు సెకన్లలో చచ్చాను. గడియారం చూసినది మావారు.

చచ్చినప్పుడల్లా తెరమీద ఎర్రటి అక్షరాలు వస్తాయి, యూ డైడ్ అని. భూతకాలం, మధ్యమ పురుష, ఏకవచనమో బహువచనమో తెలియదు. ఇంగ్లీషులో ఆ భేదం లేదు కనుక మనకు ఇష్టమైనట్టు అన్వయించుకోవచ్చు. నేను "తమరు పరమపదించారు" అని చదువుకున్నాను. అట్లా చదివితే అవమానం కొంత తగ్గుతుంది.

చచ్చాక ఏమవుతుందో తెలియనివారికోసం చెబుతాను. ఈ ఆటలో అక్కడక్కడ నేలమీద బంగారు వెలుగు ఒకటి చిన్న మొలకలా నిలబడి ఉంటుంది. దాని దగ్గర కూర్చుంటే గాయాలు మానతాయి, మందుసీసాలు నిండుతాయి. చచ్చినవాడు మళ్ళీ కళ్ళు తెరిచేది అక్కడే. శత్రువులను చంపితే రూన్లు అనే సంపద వస్తుంది. బలం పెంచుకోవడానికైనా సరుకులు కొనుక్కోవడానికైనా అదే. చస్తే అదంతా చచ్చినచోట పడిపోతుంది. తిరిగి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కానీ ఆ తెచ్చుకునే దారిలో మళ్ళీ చచ్చామా, పాతది శాశ్వతంగా పోయినట్టే. మనవడు కూడబెట్టుకున్న ఆరువేల చిల్లర రూన్లు నేను మొదటి రాత్రే పోగొట్టాను. ఆదివారం ఫోనులో ఆ సంగతి ఒప్పుకోవడానికి, ఒకప్పుడు హాజరుపట్టీలో తప్పు దొర్లితే ప్రధానోపాధ్యాయుల ముందు నిలబడినంత బెదురు కలిగింది. వాడు పగలబడి నవ్వాడు. జూన్ తరువాత వాడి నవ్వు వినడం అదే మొదలు.

ఆటను నడిపేది రెండు చేతులతో పట్టుకునే ఒక మీటల పలక. గుండ్రం గుర్తున్న మీట నొక్కితే మన వీరుడు దొర్లుతాడు. చతురస్రం నొక్కితే మందు తాగుతాడు. పైన కుడివైపు మీట కత్తి. నా వేళ్ళకు సుద్దముక్క తెలుసు, కలం తెలుసు, అట్లకాడ తెలుసు. దొర్లవలసినచోట మందు తాగడం, తాగవలసినచోట గంతు వేయడం ఒక వారం నడిచింది. మావారికి ఇది వినోదమైంది. వంటగదిలో పాల లెక్క రాసే క్యాలెండరు ఉంది కదా, దానిలో పాలగీతల పక్కనే పెన్సిలుతో నా చావుల గీతలు మొదలుపెట్టారు. లెక్కల మాస్టారు కదా, గీతలతో ఊరుకోలేదు, కారణాలుగా విడగొట్టారు. నలభై చావులు పూర్తయిన నాడు పట్టిక చదివి వినిపించారు. కర్ర వల్ల 22, విసిరిన బాకుల వల్ల 9, తోక వల్ల 5, సుత్తి వల్ల 2, ఇతరములు 2. ఇతరములు రెండూ, ఆయన కాఫీ అడిగినప్పుడు నేను తల తిప్పడంవల్ల జరిగినవి.

కర్ర కింద ఇరవైరెండు ఎందుకు పడ్డాయో మనవడు చెప్పాడు.

"అమ్మమ్మా, వాడు కర్ర ఎత్తగానే దొర్లుతున్నావా?"

"మరి దొర్లొద్దా? మీద పడుతుంది కదరా."

"పడదు. ఎత్తి ఆపుతాడు. నువ్వు భయపడి ముందే దొర్లుతావు. నువ్వు లేచేటప్పటికి అప్పుడు దించుతాడు. ఎత్తినప్పుడు చూస్తూ ఉండు. దిగేటప్పుడు దొర్లు."

దొర్లడంలో ఒక కిటుకు ఉంది. దొర్లుతున్న ఆ కొద్ది క్షణం, అర సెకను కూడా ఉండదు, దెబ్బ మనల్ని దాటి పోతుందే గాని తగలదు. ఆ క్షణాన్ని దెబ్బ దిగే క్షణంతో కలపాలి. ముందైతే వ్యర్థం, తరువాతైతే సరేసరి. మార్గిట్‌ను తయారుచేసినవారు ఈ సంగతి ఎరిగి, కర్రను గాలిలో ఎత్తి ఆపే గుణం వాడికి పెట్టారు. చావుకు కారణం దెబ్బ కాదు, దెబ్బకోసం ఎదురుచూడలేకపోవడం. ఇంకొక దుర్గుణం కూడా పెట్టారు. మనం దూరంగా పోయి మందుసీసా ఎత్తామా, సరిగ్గా అప్పుడే బాకు విసురుతాడు. మంచినీళ్ళు తాగుతున్న పిల్లవాణ్ణి లేపి ప్రశ్న అడిగే మాస్టారు ఉంటాడే, అట్లా.

ఈ పోలిక నవ్వుతూనే అనుకున్నాను. అనుకున్న తరువాత నవ్వు ఆగిపోయింది.

ఎత్తి ఆపడం నాకు తెలియని విద్య కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద పండితుడు నాకు చెప్పిన మెళకువ అది. బెత్తం కొట్టడానికి కాదమ్మా, ఎత్తడానికి, అన్నాడు. నిజమే, ఎత్తి పట్టుకుంటే చాలు, తరగతి నిశ్శబ్దమైపోయేది. చెయ్యి చాపమనేదాన్ని. ఎత్తేదాన్ని. ఆపేదాన్ని. పిల్లవాడి కళ్ళు మూతపడేవి, చెయ్యి దానంతటదే వెనక్కి పోయేది. వెనక్కి లాగితే రెండు. అది నా నియమం. ఒకటి తినవలసినవాడు, ఆగలేక, రెండు తినేవాడు. విభక్తులు తప్పినందుకు ఒకటి, భయపడినందుకు ఇంకొకటి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010లో అమలుకు వచ్చాక బెత్తాన్ని బీరువామీద పడేశాను. చట్టం రాకపోతే పడేసేదాన్నా అంటే, పడేసేదాన్నని చెప్పే ధైర్యం నాకు లేదు.

వంతెన మీద ఇరవైరెండు సార్లు నా చెయ్యి వెనక్కి పోయింది.

ఇక నుంచి కాస్త తెలివిగా చావసాగాను. మనవడి రెండో సలహా, నాకు అన్నిటికన్నా నచ్చినది, వాణ్ణి వదిలేసి పొమ్మనడం. "దక్షిణానికి పో అమ్మమ్మా. అక్కడ చిన్నచిన్నవాళ్ళుంటారు. బలం పెంచుకుని వద్దువుగాని. మార్గిట్ ఎక్కడికీ పోడు." ఈ ఆటలో అది తప్పు కాదట. దారి మూసుకుంటే ఇంకొక దారిన పోవచ్చు. దక్షిణాన వీపింగ్ పెనిన్సులా అనే వానల నేల ఉంది. అక్కడ రెండు వారాలు తిరిగాను. సంధ్యవేళ పాడుపడిన చర్చి ముందు గుర్రమెక్కి నిలబడితే, ఇది యుద్ధపు ఆట అన్న సంగతే మరచిపోయేంత అందంగా ఉంది. మూడు తోడేళ్ళను పిలిచే గంట ఒకటి మనవడి దగ్గర ముందే ఉంది. అవి తోడు వచ్చి కరుస్తాయి. ఒంటరిగా గెలిస్తేనే గెలుపు అనే శుద్ధవాదులు చాలామంది ఉన్నారట. నేను ఆ కోవలో చేరదలచుకోలేదు. అరవై దాటినదానికి తోడేళ్ళ సాయం శాస్త్రసమ్మతమే.

వంతెనకు తిరిగివచ్చాక మార్గిట్ ప్రాణరేఖను సగం దాకా తగ్గించగలిగాను. అప్పుడు తెలిసింది, సగానికి వచ్చేసరికి వాడు మారిపోతాడని. వెలుగుతో చేసిన బంగారు సుత్తి ఒకటి పుట్టుకొచ్చి, ఆకాశానికి ఎగిరి మీద పడతాడు. అప్పటిదాకా నేర్చినది సగమే అన్నమాట. సభాపర్వంలో భీముడికి జరాసంధుడి దగ్గర ఇదే కదా ఎదురైంది. చీల్చి పారేస్తే ముక్కలు రెండూ అతుక్కుని లేచి నిలబడ్డాడని పిల్లలకు చెప్పేదాన్ని. కృష్ణుడు గడ్డిపరకను చీల్చి, తలకిందులుగా చెరోవైపు విసిరి చూపిన కథ ఏటేటా చెప్పినా ఏటేటా తరగతి నోరు తెరుచుకుని వినేది. అంతటి భీముడికే పక్కనుంచి చెప్పేవాడొకడు కావలసి వచ్చింది. నాకు ఆదివారం పది నిమిషాలపాటు ఫోనులో కృష్ణుడు దొరికాడు. "సుత్తి దిగేటప్పుడు వెనక్కి పోకు, వాడి కాళ్ళకిందికి పో" అన్నాడు. అదొక గడ్డిపరక.

ఈ ఆట పిల్లలకు మంచిదని నేను అనను. మనవడు పదో తరగతిలో రాత్రి రెండింటిదాకా దీనిముందు కూర్చున్న మాట నిజం. నేను పట్టుబట్టింది ఊరికే కాదు. రక్తం అవసరానికి మించి ఉంది. చూడలేని వికృతాలున్నాయి. ఒక చేతులగుట్టలాంటి సాలెపురుగు ఎదురైన రాత్రి నాకు నిద్రలేదు. ఇది మాత్రం పక్షపాతం లేకుండా చెప్పుకోవాలి.

ఆగస్టు చివరి ఆదివారం. ఎన్నిసార్లు చచ్చావు అమ్మమ్మా, అని అడిగాడు. యాభైఎనిమిది అన్నాను. తాతయ్య క్యాలెండరులో రాస్తున్నాడని కూడా చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు కూడా. తరువాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోనులో వెనకాల వరసలో నిలబడ్డ పిల్లల సద్దు వినిపిస్తోంది.

"అదే నయం అమ్మమ్మా" అన్నాడు. "అక్కడ చచ్చినా బోర్డు మీద పెట్టరు."

బోర్డేమిట్రా అన్నాను. అప్పుడు చెప్పాడు, మామూలు గొంతుతో, వాతావరణం సంగతి చెబుతున్నట్టు. వారం వారం పరీక్ష. సోమవారం పొద్దున మెట్ల దగ్గర బోర్డు మీద అందరి మార్కులూ వరసగా. దాన్నిబట్టి సెక్షను మారుతుంది. మొదటి సెక్షనులో చేర్చుకున్నారు వీణ్ణి. జూలైకి మూడోది. ఇప్పుడు చివరిది. సెక్షను మారితే గది కూడా మారుతుందట. "మంచం మూడుసార్లు మోసుకున్నా అమ్మమ్మా" అన్నాడు. పరీక్షలో తెలిసిన లెక్క కూడా చెయ్యలేకపోతున్నాడట. కాగితం చూడగానే బోర్డు కనబడుతుందట.

పది నిమిషాలు అయిపోయాయి.

ఆ రాత్రి నేను ఆట తియ్యలేదు. మావారు అడిగితే కళ్ళు నొప్పిగా ఉన్నాయన్నాను. ఆ వంకరకర్ర గాలిలో ఆగి ఉంది. అంతకన్నా వేరే బొమ్మ నా కళ్ళముందుకు రాలేదు. పరీక్ష రాయకముందే, సోమవారం రాకముందే, వాడు దొర్లుతున్నాడు. లేచినచోట దెబ్బ తింటున్నాడు.

ఇంకొక విషయం. బెత్తం 2010లో మానేశాను అన్నాను కదా. ఏ చట్టమూ నిషేధించని పని ఒకటి 2019లో దిగిపోయేదాకా చేశాను. మూడు నెలల పరీక్ష, అర్ధసంవత్సర పరీక్ష జవాబు కాగితాలు దిద్దాక, ఎక్కువ మార్కులది పైన, తక్కువది అడుగున ఉండేట్టు పేర్చుకుని తరగతికి పోయేదాన్ని. పేరు, మార్కులు చదివి ఒక్కొక్కటే ఇచ్చేదాన్ని. మొదట చప్పట్లు. కట్ట పలచబడేకొద్దీ ఇంకా పేరు రానివాళ్ళు బల్లకింద చూసుకుంటూ ఉండేవారు. ఆఖరు కాగితం ఎవరిదో పిలవకముందే అందరికీ తెలిసిపోయేది, అందరూ వెనక్కి తిరిగి వాడివైపు చూసేవారు. ఒక పిల్లవాడు, ఎనిమిదో తరగతి, కాగితాల రోజున బడికి రావడం మానేశాడు. నేను ఆ కాగితాన్ని దాచిపెట్టి మరుసటి రోజు పిలిచి ఇచ్చాను. బాధ్యతగానే చేశాననుకున్నాను. తొమ్మిదిలో వాడి పేరు హాజరుపట్టీలో లేదు. ఎందుకు మానేశాడో నేను అడగలేదు. ఎందరో మానేస్తారు.

సెప్టెంబరులో తల్లిదండ్రులను అనుమతించే ఆదివారం మా అమ్మాయితో నేనూ వెళ్ళాను. బోర్డు చూశాను. మూడు కాగితాలు అంటించి ఉన్నాయి. మూడో కాగితంలో అడుగునుంచి ఏడో పేరు మా వాడిది. అడుగు పది పేర్ల కింద ఎర్ర గీత. దస్తూరి ఎవరిదో తెలియదు గాని, సిరా నాదే.

ఇంటికి వచ్చి అల్లుడుగారితో మాట్లాడాను. వాణ్ణి తీసుకువచ్చేద్దామన్నాను.

"అత్తయ్యగారూ, చేర్చమన్నదీ మీరే, తీసుకురమ్మంటున్నదీ మీరే."

"అవును బాబూ. రెండూ నేనే."

"రెండు కంతులు కట్టాను. తిరిగి ఇవ్వరు."

"నా పింఛను నుంచి సర్దుతాను."

"డబ్బు కాదండీ. మధ్యలో వచ్చేస్తే ఓడిపోయి వచ్చినట్టు కాదా వాడికి? రేపు ఇంకోచోట కష్టం వస్తే అక్కడినుంచీ వచ్చేస్తాడు."

ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్న జవాబు దక్షిణపు వానల నేల. అది బ్యాంకులో పనిచేసే అల్లుడికి అర్థమయ్యే భాషలోకి ఎట్లా తేవాలో నాకు చేతకాలేదు. "మార్గిట్ ఎక్కడికీ పోడు బాబూ" అన్నాను. ఆయన మా అమ్మాయివైపు చూశారు. వారంపాటు నాతో ముభావంగా ఉన్నారు. ఎనిమిదోనాడు ఊళ్ళో జూనియరు కళాశాలకు వెళ్ళి సీటు సంగతి కనుక్కుని వచ్చారు. నాకు చెప్పలేదు. అమ్మాయి చెప్పింది.

ఆ వారంలోనే మార్గిట్ కూలాడు. డెబ్బైనాలుగో ప్రయత్నం. గొప్పగా వర్ణించడానికి అందులో ఏమీ లేదు. తోడేళ్ళు రెండు ముందే పోయాయి, మూడోది తోకదెబ్బకు పోయింది. మందుసీసాలు అయిపోయాయి. వాడికి పిసరంత ప్రాణం, నాకు పిసరంత. కర్ర ఎత్తాడు. ఆపాడు. నేను చూస్తూ ఉన్నాను. ఎంతసేపు ఆపాడో, నా ప్రాణానికి ఒక పీరియడంత అనిపించింది. దిగింది. దొర్లాను. రెండు వేట్లు వేశాను. బంగారు అక్షరాలు వచ్చాయి. పన్నెండు వేల రూన్లు. మావారు గురకపెడుతున్నారు. లేపి చెప్పాలనిపించలేదు. చేతులు వణుకు తగ్గేదాకా అట్లాగే కూర్చున్నాను, అంతలో పాలవాడి సైకిలు గంట వినిపించింది.

దసరా సెలవులకు మనవడు మంచం, పరుపు, పెట్టెలతో వచ్చేశాడు. చిక్కిపోయాడు. మొదటి రెండు రోజులు నిద్రపోయాడు. మూడోరోజు కిందకు వచ్చి ఆట తీసి, కోట తలుపు తెరిచి ఉండడం చూసి, "నా మార్గిట్‌ని నువ్వు చంపేశావు" అన్నాడు. కోపమో సంతోషమో తెలియలేదు. వాడికీ తెలిసినట్టు లేదు. కొత్తగా మొదలుపెడతానన్నాడు. ఒంటిమీద కవచం లేకుండా, చేతిలో ఒక కట్టెతో మొదలయ్యే దిక్కులేనివాడి వేషం ఒకటి ఉంది. దాన్ని ఎంచుకున్నాడు. సాయంత్రానికల్లా వంతెన దగ్గర ఉన్నాడు. నేను పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాను. మావారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

కర్ర లేచింది, ఆగింది. వాడు ముందే దొర్లాడు. నాకు చెప్పిన పిల్లవాడే. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

మావారు అలవాటుగా వంటింట్లోకి తిరిగి, క్యాలెండరు మేకుకు వేలాడే పెన్సిలు అందుకున్నారు.

"రాయకండి" అన్నాను.

ఆయన నావైపు చూశారు, వాడివైపు చూశారు. పెన్సిలు చెవిమీద పెట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు అందుకున్నారు. వాడు అప్పటికే మళ్ళీ పొగమంచు తోసుకుంటున్నాడు.